మొదటి పది మీటర్లు

సెలవుల్లో అండమాన్ వెళ్లే తెలుగువాళ్ల జాబితాలో సెల్యులార్ జైలు, రాధానగర్ బీచ్‌ల సరసన ఇప్పుడు స్కూబా డైవింగ్ కూడా చేరిపోయింది. ఒకప్పుడు హావ్‌లాక్ అనీ, 2018 చివరి నుంచి స్వరాజ్ ద్వీపం అనీ పిలుస్తున్న దీవి అందుకు పెద్ద కేంద్రం. అంత దూరం పోలేనివాళ్లకి కర్ణాటకలో మురుడేశ్వర్ ఎదుట నేత్రాణి దీవి ఉంది, గోవా ఉంది, పుదుచ్చేరి ఉంది, మన విశాఖలో రుషికొండ ఉంది. ఎక్కడికి వెళ్లినా చెప్పే మాటలు ఇంచుమించు ఒకటే: ఈత రాకపోయినా పరవాలేదు, దిగేముందు కాసేపు నేర్పిస్తాం, ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని పట్టుకునే ఉంటాడు, పన్నెండు మీటర్లు దాటి తీసుకెళ్లం. మొదటిసారి దిగే మనిషికి వీటిలో ఎక్కువ ధైర్యమిచ్చేది చివరి మాట. లోతే లేనప్పుడు ఇంక ఏమవుతుంది అనుకుంటాడు. నేను చెప్పదలచుకున్నది దీనికి నేరుగా ఎదురు మాట. మన ఒంట్లో ఉన్న గాలి సంగతి తీసుకుంటే, సముద్రంలో అన్నిటికన్నా కఠినమైన భాగం పైనున్న పది మీటర్లే. మొదటి డైవ్ నూటికి తొంభై తొమ్మిది పాళ్లు క్షేమంగానే ముగుస్తుంది, కాదనను. అయితే ఆ క్షేమం లోతు తక్కువ కావడం వల్ల వచ్చింది కాదు. దిగినవాడు తన ఊపిరిని, తన చెవులను ఎలా చూసుకున్నాడన్న దాని మీద వచ్చింది. ఈ తేడా తెలియకుండా దిగడమే అసలు ప్రమాదం.

ముందు లెక్క చూద్దాం. సముద్రమట్టం దగ్గర మన మీదున్న గాలి అంతా కలిసి చూపే ఒత్తిడి ఒక అట్మాస్ఫియర్. గాలితో పోలిస్తే నీరు ఎంత బరువంటే, ఆకాశం దాకా పేరుకున్న గాలి మొత్తం కలిసి చేసే పనిని పది మీటర్ల ఉప్పునీరు చేసేస్తుంది. కాబట్టి పది మీటర్ల లోతున పీడనం రెండు అట్మాస్ఫియర్లు, ఇరవైలో మూడు, ముప్ఫైలో నాలుగు. ప్రతి పది మీటర్లకీ పెరిగేది ఒకే కొలత కదా, అలాంటప్పుడు పైనేమిటి, కిందేమిటి అనిపిస్తుంది. తేడా గాలి ఘనపరిమాణం దగ్గర తేలుతుంది. ఉష్ణోగ్రత మారనప్పుడు పీడనం రెట్టింపైతే వాయువు సగానికి కుంచించుకుపోతుందని 1662లో రాబర్ట్ బాయిల్ చెప్పిన నియమం హైస్కూల్లో అందరూ వల్లె వేసిందే. దాని ప్రకారం పైన ఆరు లీటర్లున్న గాలి పది మీటర్ల దగ్గర మూడు లీటర్లవుతుంది. ఇంకో పది దిగితే రెండు లీటర్లు, మరో పది దిగితే లీటరున్నర. అంటే మొదటి పది మీటర్లలోనే సగం నలిగిపోయింది, మూడో పది మీటర్లలో తగ్గింది అరలీటరు మాత్రమే. పైకి వచ్చేటప్పుడు లెక్క తిరగబడుతుంది. ముప్ఫై నుంచి ఇరవైకి వస్తే గాలి మూడో వంతు ఉబ్బుతుంది, ఇరవై నుంచి పదికి వస్తే సగం ఉబ్బుతుంది, పది నుంచి ఉపరితలానికి వస్తే రెట్టింపవుతుంది. లోతుకు అలవాటుపడ్డ డైవర్ ముప్ఫై మీటర్ల దగ్గర హాయిగా ఉండి, బోటు కనిపిస్తున్న చివరి ఐదారు మీటర్లలో ఒళ్లు దగ్గర పెట్టుకుని నెమ్మదిగా పైకి రావడానికి కారణం ఇదే.

మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి కండ, ఎముక, రక్తం ఈ ఒత్తిడిని పట్టించుకోవు. పన్నెండు మీటర్ల కింద ఛాతీని ఎవరో నొక్కుతున్నట్టు ఉంటుందని చాలామంది ఊహిస్తారు, అలా ఏమీ ఉండదు. ఇబ్బందంతా గాలి ఉన్న చోట్లలో: మధ్యచెవి, ముఖం ఎముకల్లోని సైనస్‌లు, ఊపిరితిత్తులు, ముఖానికి తగిలించుకున్న మాస్క్. వీటిలో మొదట మొరాయించేది చెవి. కర్ణభేరి వెనక ఉన్న చిన్న గాలిగదికి బయటి ప్రపంచంతో ఉన్న దారి ఒక్కటే, ముక్కు వెనక భాగంలో తెరుచుకునే యూస్టేషియన్ నాళం. పెద్దవాళ్లలో అది మూడున్నర సెంటీమీటర్ల పొడవుంటుంది. మామూలుగా మూసుకునే ఉంటుంది, గుటక వేసినప్పుడో ఆవులించినప్పుడో క్షణకాలం తెరుచుకుంటుంది. విశాఖ నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు చేరేసరికి గాలి పీడనం సుమారు పదో వంతు తగ్గుతుంది. ఆ ప్రయాణానికి గంటలు పడుతుంది, అయినా దారిలో చెవులు మూసుకుపోతాయి. నీళ్లలో అంత మార్పు ఒక్క మీటరు దిగితే వచ్చేస్తుంది, దానికి రెండు మూడు సెకన్లు చాలు.

పైగా ఎక్కడానికీ దిగడానికీ పెద్ద తేడా ఉంది. పైకి వెళ్లేటప్పుడు మధ్యచెవిలో ఎక్కువైన గాలి నాళాన్ని తోసుకుని తనంతట తనే బయటపడుతుంది. కిందికి దిగేటప్పుడు మాత్రం గాలిని లోపలికి పంపాలి, ఆ పని మనమే చేయాలి. చేయకుండా ఒకటి, ఒకటిన్నర మీటర్లు దిగితే మెత్తని నాళం ఆ ఒత్తిడికి గట్టిగా అతుక్కుపోతుంది. ఆ తరవాత ఎంత ఊదినా తెరుచుకోదు, మళ్లీ కొంచెం పైకి వస్తేనే దారికి వస్తుంది. అలాగే మొండిగా దిగితే కర్ణభేరి లోపలికి వంగి నొప్పి పుడుతుంది, లోపలి పొరలు వాచి రక్తం చిమ్ముతుంది, కొందరిలో మూడు నాలుగు మీటర్ల లోతులోనే కర్ణభేరి చిరుగుతుంది. చిరిగిన భేరి గుండా చల్లటి నీరు లోపలికి పోతే సమతుల్యం చూసే లోపలి చెవి తికమకపడి, ఏది పైనో ఏది కిందో తెలియనంతగా తల తిరుగుతుంది. గదిలో కుర్చీ మీద కూర్చున్నవాడికి ఇది చిన్న సంగతి కావచ్చు, నీళ్ల కింద కాదు. డైవింగ్‌లో అన్నిటికన్నా తరచుగా తగిలే దెబ్బ మధ్యచెవిదే అన్నది వైద్యులంతా ఒప్పుకునే మాట. ఈ దెబ్బ తగిలేదంతా మొదటి కొన్ని మీటర్లలోనే.

దీనికి విరుగుడు మూడు వందల ఏళ్ల నాటిది. ఇటలీ శరీరశాస్త్రవేత్త ఆంటోనియో వాల్సాల్వా 1704లో చెవి మీద రాసిన గ్రంథంలో వర్ణించిన పద్ధతినే ఇవాళ ప్రతి డైవింగ్ బోటు మీదా నేర్పుతున్నారు: ముక్కు రంధ్రాలు వేళ్లతో మూసి, నోరు మూసుకుని, మెల్లగా ఊదడం. ఇందులో కిటుకు రెండు మాటల్లో ఉంది. ఒకటి, నొప్పి వచ్చాక కాదు, రాకముందే చేయాలి. నీళ్లలో తల మునగగానే ఒకసారి, తరవాత ప్రతి అరమీటరుకీ ఒకసారి. రెండోది, బలంగా ఊదకూడదు. నాళం అతుక్కుపోయి ఉండగా బలమంతా పెట్టి ఊదితే లోపలి చెవి సున్నితమైన పొరలు చిట్లి, వినికిడి శాశ్వతంగా దెబ్బతినే అవకాశం ఉంది. అసలు ఈ పద్ధతి పనిచేయాలంటే ముక్కు, గొంతు శుభ్రంగా ఉండాలి. జలుబు చేసినప్పుడు నాళం చుట్టూ పొర వాచిపోతుంది. దిగేముందు ముక్కులో మందు చుక్కలు వేసుకుని దాటేద్దామనే ఆలోచన ఇంకా ముప్పు. నీళ్ల కింద ఉండగా మందు ప్రభావం తగ్గితే, పైకి వచ్చేటప్పుడు లోపల ఉబ్బుతున్న గాలికి బయటికి దారి దొరకదు.

కర్ణభేరి చిరిగితే లోకం మునిగిపోదని నిరూపించిన మహానుభావుడు ఒకరున్నారు. జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ నౌకాదళం కోసం పీడన గదుల్లో తన మీద తనే ప్రయోగాలు చేసుకున్నారు. చెవిలో పడ్డ చిల్లు గుండా పొగాకు పొగ వదలడం నలుగురిలో చూపించుకోదగ్గ విద్య అని వేళాకోళంగా రాసుకున్నారు కూడా. ఆయన 1957లో ఇండియా వచ్చి ఇక్కడి పౌరుడయ్యారు, 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో పోయారు, కోరుకున్నట్టుగానే ఆయన దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి చేరింది. సెలవులకి వెళ్లినవాళ్లు ఆయన్ని అనుసరించాల్సిన పని లేదు. పడ్డ చిల్లు చాలాసార్లు వారాల్లో పూడుతుంది, నిజమే, ఆ వారాలపాటు చెవిలో చీము పట్టకుండా కాపాడుకోవడం మాత్రం ఎవరికీ వేడుక కాదు.

మాస్క్ సంగతి చిన్నదే గానీ చాలామంది కొత్తవాళ్లకి చెప్పరు. ఈతకి వాడే గాగుల్స్‌తో డైవింగ్ ఎందుకు చేయకూడదంటే, వాటిలో చిక్కుకున్న గాలిని సరిచేసే దారి లేదు. దిగేకొద్దీ అవి కళ్ల మీద బలంగా అతుక్కుని కంటి తెల్లగుడ్డులో రక్తం చిమ్మేలా చేస్తాయి. డైవింగ్ మాస్క్ ముక్కును కూడా కప్పేది అందుకే. ముక్కుతో కొంచెం గాలి వదిలితే లోపలి పీడనం బయటిదానితో సరిపోతుంది. నోటితో మాత్రమే ఊపిరి తీసుకోండి అని ఇన్‌స్ట్రక్టర్ పదే పదే చెప్పడం విని కొందరు ముక్కును పూర్తిగా బంధించేస్తారు, పైకి వచ్చాక కళ్లు ఎర్రగా ఎందుకయ్యాయని అడుగుతారు.

ఇక అసలు సంగతి, ఊపిరి. ఇంత సరంజామా ఎందుకు, పొడవాటి గొట్టం ఒకటి నోట్లో పెట్టుకుని దిగితే చాలదా అనే ప్రశ్న పిల్లలు అడుగుతారు, పెద్దలు మనసులో అనుకుంటారు. చాలదు. ఒక మీటరు లోతున ఛాతీ మీద నీరు చూపే ఒత్తిడి, గొట్టం గుండా వచ్చే పైగాలికి ఉన్న ఒత్తిడి కన్నా పదో వంతు ఎక్కువ. మన శ్వాస కండరాలు సర్వశక్తులూ ఒడ్డి ఒక్కసారి లాగగలిగేది దాదాపు అంతే. స్నార్కెల్ గొట్టం జానెడు రెండు జానల పొడవు దాటకపోవడానికి కారణం అది. లోపలికి వెళ్లాలంటే, చుట్టూ ఉన్న నీటి పీడనం ఎంతుందో సరిగ్గా అంత పీడనంతో గాలి నోటికి అందాలి. ఆ పని చేసేదే రెగ్యులేటర్. 1943లో ఫ్రెంచి నౌకాదళ అధికారి జాక్ కుస్తో, ఇంజినీరు ఎమిల్ గాన్యన్ కలిసి దీన్ని ఇప్పటి రూపానికి తెచ్చారు. యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క కార్లను గ్యాస్ మీద నడుపుతున్న రోజులవి. ఇంజను అడిగినప్పుడే, అడిగినంతే గ్యాస్ వదిలేలా గాన్యన్ తయారుచేసిన వాల్వును మనిషి ఊపిరికి సరిపడేలా మార్చారు. వీపు మీది సిలిండర్‌లో సుమారు 200 అట్మాస్ఫియర్ల వద్ద కూరి పెట్టిన గాలిని అది మీటరు మీటరుకీ తగ్గట్టు సర్దుతుంది. సిలిండర్‌లో ఉండేది మనం పీల్చే మామూలు గాలే, శుభ్రం చేసి నింపినది. జనం అనుకునేట్టు అందులో శుద్ధ ఆక్సిజన్ ఉంటే ఆరు మీటర్లు దాటాక అది మెదడుకి విషమై మూర్ఛ తెప్పించవచ్చు. హాల్డేన్ ప్రయోగాల్లో అదీ జరిగింది, మూర్ఛలో వెన్నెముక దెబ్బతింది.

రెగ్యులేటర్ చేసే మేలులోనే ప్రమాదం కూడా ఉంది. పది మీటర్ల దగ్గర దాని నుంచి నిండా ఊపిరి తీసుకుంటే ఆరు లీటర్ల ఊపిరితిత్తుల్లోకి పై లెక్కలో పన్నెండు లీటర్ల గాలి చేరినట్టు. ఊపిరి వదులుతూ తీస్తూ పైకి వస్తే ఆ ఎక్కువ గాలి దానంతట అది బయటికి పోతుంది, ఏ ఇబ్బందీ లేదు. భయంతో ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తే పోవడానికి దారి ఉండదు. ఊపిరితిత్తుల్లోని గాలిగదుల గోడలు అతి పలుచన. బయటికన్నా లోపల పీడనం పదో వంతు అట్మాస్ఫియర్ పైగా పెరిగితే చాలు, అవి చిరగడం మొదలవుతుంది. మీటర్లలో చెప్పాలంటే, నిండా ఊపిరి బిగబట్టి మీటరుంబావు పైకి లేస్తే సరిపోతుంది. పన్నెండు మీటర్ల నుంచి కాదు, సాధన చేయించే స్విమ్మింగ్ పూల్ అడుగు నుంచి. చిరిగిన చోట గాలి రక్తనాళాల్లోకి బుడగలుగా చొరబడి గుండెకి, అక్కడి నుంచి మెదడుకి వెళ్లి రక్తప్రసారాన్ని అడ్డుకుంటుంది. నీళ్లపైకి వచ్చిన కొద్ది నిమిషాల్లోనే మనిషి స్పృహ తప్పుతాడు. చికిత్స పీడన గదిలో చేయాలి, అలాంటి గది మన తీరం పొడవునా చాలా కొద్దిచోట్ల మాత్రమే ఉంది.

ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే బెదిరింపు కాదు. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ పరిశోధకులు 947 వినోద డైవింగ్ మరణాలను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ప్రాణం తీసిన దెబ్బ ఏదో తేల్చగలిగిన కేసుల్లో 33 శాతం నీళ్లలో ఊపిరాడక, 29 శాతం రక్తంలోకి గాలి బుడగలు చేరి, 26 శాతం గుండె వల్ల పోయారు. దానికి దారితీసిన సంఘటనల్లో గాలి అయిపోవడం 41 శాతం, ఆ తరవాత కంగారుగా పైకి ఎగబాకడం. చనిపోయినవాళ్లలో అనుభవం ఉన్నవాళ్లు, లోతుగా వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ అంకెలను మొదటిసారి దిగేవాళ్లకి నేరుగా అంటగట్టడం న్యాయం కాదు. కానీ అవి ఒక సంగతి మాత్రం తేటతెల్లం చేస్తున్నాయి. సముద్రం పేరు చెబితే మనకి భయం కలిగించే సొరచేపలు ఈ లెక్కలో ఎక్కడా పైకి తేలవు. ప్రపంచమంతటా రెచ్చగొట్టకుండా సొరచేప కరిచి పోయేవాళ్లు సగటున ఏడాదికి పదిమంది లోపే. మనిషికి ప్రమాదం బయటినుంచి వచ్చే జంతువుతో కాదు, లోపలున్న గాలితో.

ఇక్కడ ఒక మంచి అభ్యంతరం ఉంది. మన్నారు సింధుశాఖలో శంఖాల కోసం, ముత్యపు చిప్పల కోసం తరతరాలుగా మునిగినవాళ్లు, జపాన్‌లో అమా స్త్రీలు ఊపిరి బిగబట్టే మునిగారు కదా, పదిహేను ఇరవై మీటర్లు దిగి క్షేమంగానే తేలారు కదా, మరి మనకెందుకీ నిషేధం? వాళ్లు ఊపిరి తీసుకున్నది నీటి పైన. దిగేకొద్దీ ఆ గాలి నలుగుతుంది, తేలేకొద్దీ మళ్లీ మొదటి కొలతకి వస్తుంది, అంతకు మించదు. స్కూబా డైవర్ ఊపిరి తీసుకునేది కింద, ఒత్తిడి ఉన్న చోట. సిలిండర్ లేని మనిషికి ప్రాణం నిలిపిన పని సిలిండర్ ఉన్నవాడికి ప్రాణాంతకం కావడానికి ఇంతకు మించి కారణం లేదు. బాగా ఈత వచ్చినవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు. చెరువులోనో కాలవలోనో చిన్నప్పటి నుంచి మునకేసిన ఒంటికి, తల మునగ్గానే ఊపిరి ఆపడం అలవాటైపోయి ఉంటుంది. ఈత రావడం ఎప్పుడూ మేలే, ముఖ్యంగా పైకి తేలాక. అయితే నీళ్ల కింద ఈ ఒక్క అలవాటును తెలిసి మానుకోవాలి.

మానుకోవడం అనుకున్నంత సులువు కాదు, ఎందుకంటే ఎదురు తిరిగేది మన శరీరమే. ఊపిరాడటం లేదన్న బాధ ఆక్సిజన్ తగ్గడం వల్ల పుట్టదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల పుడుతుంది. మామూలుగా మనం ఒకసారి పీల్చే అరలీటరు గాలిలో సుమారు 150 మిల్లీలీటర్లు గొంతులో, శ్వాసనాళాల్లో ఆగిపోతాయి, గాలిగదుల దాకా చేరవు. కంగారుపడిన కొత్తవాడు గబగబా, పైపైన, పావులీటరు చొప్పున పీలిస్తే లోపలికి చేరేది వంద మిల్లీలీటర్లే. పది మీటర్ల దగ్గర గాలి రెట్టింపు చిక్కనై ఉంటుంది, దాన్ని గబగబా లాగి వదలడానికి కండరాలు ఎక్కువ శ్రమపడాలి. లోపలి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోదు, ఊపిరాడటం లేదన్న భావన పెరుగుతుంది, మనిషి ఇంకా వేగంగా పీలుస్తాడు. సిలిండర్ నిండా గాలి ఉన్నా, రెగ్యులేటర్ చక్కగా పనిచేస్తున్నా, గాలి రావడం లేదనుకుని నోట్లోది పీకేసి పైకి పరిగెత్తే మనుషులు తయారయ్యేది ఇలాగే. దీనికి మందు ధైర్యం చెప్పడం కాదు, నెమ్మదిగా, పూర్తిగా ఊపిరి వదలడం. తీసుకోవడం కన్నా వదలడం మీద మనసు పెట్టినవాడికి ఆ బాధ ఒకటి రెండు నిమిషాల్లో తగ్గుతుంది. ఈ సంగతి ఒడ్డున విని తెలుసుకోవడం వేరు, నడుంలోతు నీళ్లలో ముఖం ముంచి పది నిమిషాలు చేసి చూడటం వేరు. మొదటి డైవ్‌లో అన్నిటికన్నా విలువైన సమయం ఆ పది నిమిషాలే అని నా అభిప్రాయం. ఫొటోలో పడని సమయం కూడా అదే కాబట్టి తొందరలో ముందు కోత పడేది దానికే.

పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడు కదా, ఇదంతా మనకెందుకు అనవచ్చు. అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్ చేసేది చాలా ఉంది. జాకెట్‌లోకి గాలి నింపడం, తీయడం అతని చేతిలోనే ఉంటుంది, కాబట్టి కొత్తవాడు బండలా మునగడు, బంతిలా పైకి లేవడు. సిలిండర్‌లో గాలి ఎంతుందో చూస్తుంటాడు, వెనక పట్టుకుని దారి చూపుతాడు. కానీ ఎదుటివాడి మధ్యచెవిలోకి గాలి పంపడం అతని వల్ల కాదు. ఎదుటివాడి ఊపిరి వదిలించడమూ అతని వల్ల కాదు. చెవి నొప్పిగా ఉందని అరచెయ్యి ఊపి, చెవి చూపిస్తే తప్ప అతనికి తెలియదు. చాలామంది కొత్తవాళ్లు, ముఖ్యంగా మగవాళ్లు, బాగులేదని చెప్పడానికి మొహమాటపడి బాగుందన్నట్టు వేళ్లు చూపిస్తారు. బొటనవేలు పైకెత్తడం అక్కడ ‘భేష్’ కాదు, ‘పైకి పోదాం’ అని. బాగుంటే చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి. దిగేముందు నింపించే ఆరోగ్య పత్రం కూడా ఇలాంటిదే. ఎప్పుడైనా ఊపిరితిత్తి కుంచించుకుపోయిందా, ఆస్తమా ఉందా, గుండె మందులు వాడుతున్నారా అన్న ప్రశ్నలు తతంగం కోసం అడిగేవి కావు. ఆస్తమాలో మూసుకున్న శ్వాసనాళం వెనక చిక్కుకున్న గాలి, ఊపిరి బిగబట్టకపోయినా బయటికి రాలేక ఉబ్బుతుంది. నీళ్లలో మునగగానే కాళ్లలోని రక్తం ఛాతీలోకి చేరి గుండె మీద పని పెరుగుతుంది. అన్నిటికీ లేదు, లేదు అని టిక్కులు పెట్టేసిన పత్రం ఇన్‌స్ట్రక్టర్ కళ్లకి గంతలు కట్టడంతో సమానం.

లోతు తక్కువ కావడం వల్ల మేలే లేదా అంటే, ఉంది. ఒకచోట ఉంది, దాన్ని దాచడం సరికాదు. ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో, కొవ్వులో కరుగుతుంది. త్వరగా పైకి వస్తే అది బుడగలు కడుతుంది, కీళ్లనొప్పుల నుంచి పక్షవాతం దాకా తెస్తుంది. ఇందాకటి హాల్డేన్ తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ మేకలను పీడన గదుల్లో పెట్టి పరిశీలించి, ఒత్తిడిని సగానికి తగ్గించినంత వరకూ ఒంటికి హాని కలగదని గమనించి, 1908లో డైవర్లు పైకి రావాల్సిన వేగానికి పట్టికలు ప్రచురించారు. పది మీటర్ల నుంచి పైకి రావడమంటే రెండు అట్మాస్ఫియర్ల నుంచి ఒకటికి రావడం, సరిగ్గా సగం. ఇప్పటి వినోద డైవింగ్ పట్టికల్లో పన్నెండు మీటర్ల దగ్గర రెండు గంటలకు పైగా ఉండి నేరుగా పైకి రావచ్చు. కొత్తవాళ్లు ఉండేది అరగంటో నలభై నిమిషాలో. నత్రజని విషయంలో పన్నెండు మీటర్ల హద్దు నిజంగానే కాపాడుతుంది. ఆ హద్దును పెట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. నా అభ్యంతరమల్లా ఆ ఒక్క రక్షణను చెవికి, ఊపిరితిత్తికి కూడా వర్తింపజేసుకుని నిశ్చింతగా ఉండటం మీదే.

నత్రజని లెక్క కూడా ఒడ్డుకు చేరగానే ముగిసిపోదు. విమానం లోపల పీడనం సముద్రమట్టంలో ఉన్నట్టు ఉండదు, సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నంత తక్కువగా ఉంటుంది. ఒంట్లో ఇంకా మిగిలి ఉన్న నత్రజని అక్కడ బుడగలు కట్టవచ్చు. అందుకే ఒక్క డైవ్ చేసినవాళ్లు కనీసం 12 గంటలు, ఒకటికన్నా ఎక్కువ చేసినవాళ్లు కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన. హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో మూడు రోజుల టూర్ వేసుకుని, మిగతావన్నీ చూశాక చివరి రోజు పొద్దున డైవ్, మధ్యాహ్నం ఫ్లైట్ అని రాసుకునే కార్యక్రమం ఈ ఒక్క కారణంతోనే తప్పు.

ఇంత చెప్పాక, అయితే మానేద్దామా అన్న ప్రశ్న వస్తుంది. మానక్కర్లేదు. రోడ్డు మీద కారు నడపడం కన్నా దీన్ని భయంకరంగా చూడటానికి ఆధారాలు లేవు, ఏటా లక్షలమంది ఈ మొదటి డైవ్ చేసి నవ్వుతూ ఒడ్డుకొస్తున్నారు. పైగా ఇక్కడ ప్రమాదాలు అంతుబట్టనివి కావు. బాయిల్ నియమం తెలిసిన తొమ్మిదో తరగతి పిల్లవాడికి చెప్పినా అర్థమవుతాయి. అర్థమైనవాటిని తప్పించుకోవడం మన చేతిలో పని. డబ్బు కట్టేముందు ఎంత లోతు తీసుకెళ్తారు, ఎన్ని ఫొటోలు ఇస్తారు అని అడిగే బదులు, నిలబడితే తల పైకి వచ్చే నీళ్లలో ఎంతసేపు సాధన చేయిస్తారో అడగండి. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఒక్కరే కొత్తవాళ్లా, ఇద్దరు ముగ్గురా అని అడగండి. డైవ్‌ను టూర్ మొదటి రోజుల్లో పెట్టుకోండి. ఆ రోజు జలుబు చేసి ఉంటే కట్టిన డబ్బు వదిలేసుకోండి, చెవి కన్నా అది ఎక్కువ కాదు. కింద ఉండగా చెవి నొప్పి పెడితే అక్కడే ఆగి చెయ్యి ఊపండి, అరమీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి, అప్పటికీ వీలుకాకపోతే ఆ రోజుకి చాలించండి. సాధన లేకుండా పడవ మీదే రెండు మాటలు చెప్పి నేరుగా లోతులో దింపుతామనే చోట మాత్రం, ధర ఎంత తగ్గించినా, దిగకండి.